సగం సీటు

నందిపేట్ నుంచి ఆర్మూర్ పోయే ఆటోలో ఆ పొద్దున పోయినవి: నాలుగు జతల చెప్పులు, రెండు టిఫిన్ డబ్బాలు, ఒకామె కళ్ళద్దాలు, ఒక మనిషి. ఆ మనిషి ఆటో నడిపేవాడు.

ముగ్గురు ఎక్కాల్సిన బండిలో పదకొండు మందిని ఎక్కించేవాడు. ఆపైన ఎవరైనా చెయ్యెత్తితే తన సీట్లోనే కుడివైపుకు జరిగి, ఖాళీ అయిన చోటును అరచేత్తో తట్టేవాడు. అప్పుడు ఆయన కుడి తొడ బయట గాలిలో ఉండేది. ఆయనకు మిగిలిన సీటు నాలుగంగుళాలని రోజూ బస్సు కోసం నిలబడి మనసులో లెక్క కట్టేవాణ్ణి.

ఆ రోజు బస్సు రాలేదు. ఎనిమిదిన్నరకు పసుపు మార్కెట్లో కాంటా దగ్గర లేకపోతే, తూకాలు రాసే నా పని ఇంకొకరికి పోతుంది. కదిలిన ఆటో వెనక అరుచుకుంటూ ఉరికాను. ఆపాడు. జరిగి సీటు తట్టాడు.

"మరి నువ్వేడ కూసుంటవే?" అన్నాను.

"నాకు సీటెందుకు లెక్కల సారూ, హ్యాండిల్ దొరికితే సాలు. ఎక్కు."

వెనక ఆడవాళ్ళు నవ్వారు. ఎక్కాను.

కాలువ మలుపులో చక్రం గుంతలో పడి లేచింది. చూస్తే నా పక్కన ఆయన లేడు. ఆటో మాత్రం ఇంకా పోతూనే ఉంది. పొలంలోకి దిగి ఒరిగింది. మాకు తగిలినవి చిన్న దెబ్బలే. ఆయన దవాఖానకు చేరకముందే పోయాడు.

నెల తర్వాత ఆయన భార్యకు ఆనాటి కిరాయి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి చాపలేదు.

"దిగినంకనే తీసుకుంటుండె అన్నా. మిమ్ముల ఆర్మూర్ల దించలే గదా."

ఇప్పటికీ ఎనిమిది రూపాయలు బాకీ.