మొలలో చాకు

జంషెడ్‌పూర్‌లో ఇనుప ముక్క దొరకలేదంటే ఎవరూ నమ్మరు. గట్టిగా గాలి పీలిస్తే ముక్కులో అర తులం ఇనుము చేరే ఊరు ఇది. అలాంటి ఊళ్ళో, మా నాన్న పోయిన రోజున, నా మొలలో పెట్టడానికి ఇనుప ముక్క కోసం పద్నాలుగు మంది కలిసి ఇల్లంతా తిరగేశారు. పద్నాలుగు కాదు, ఐదుగురు. కానీ రెండు గదుల క్వార్టరులో ఐదుగురు వెతుకుతుంటే పద్నాలుగులాగే ఉంటుంది.

కర్మ చేసేవాడు పది రోజులూ ఒంటిమీద ఇనుము ఉంచుకోవాలి. మా వాళ్ళ పద్ధతి అది. ఎందుకని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో దయ్యాన్ని చెబుతారు. వెతికిన వాళ్ళకి దొరికినవన్నీ స్టీలు గరిటెలు, స్టీలు గ్లాసులు, స్టీలు డబ్బాలు. చివరికి మా అత్త, అంటే నాన్న చెల్లెలు, వంటింట్లోంచి పాత కూరగాయల కత్తి తెచ్చి, నా చేతికివ్వకుండా నేలమీద పెట్టింది. కత్తి చేతిలోంచి చేతికి ఇస్తే గొడవలొస్తాయట. మా అత్తకీ నాకూ యాభై ఏళ్ళుగా నడుస్తున్న గొడవలు ఏ కత్తి వల్ల మొదలయ్యాయో ఇంతవరకు తేలలేదు.

"మొలలో ఎట్టుకో. పడుకున్నా తియ్యకూడదు," అంది. "పదోనాడు తీసి ఏట్లో ఏసీయాల. ఇంటికి తేకూడదు."

పంతులుగారిని అడిగాను. మోయడం వరకే తనకు తెలుసనీ, ఏట్లో వెయ్యడం మా ఇంటి ఆచారమైతే తనకు అభ్యంతరం లేదనీ అన్నారు.

మర్నాటికి ఆ కత్తి గీరుకుని నా కుడి తొడమీద టాటానగర్ నుంచి విశాఖపట్నం దాకా రైలు పట్టాలు పడ్డాయి. మధ్యలో జంక్షన్లు కూడా ఉన్నాయి. పట్టా కింద నొప్పి ఉండాలి. లేదు. పంటి డాక్టరు సూది పొడిచాక దవడ ఎలా ఉంటుంది, చెయ్యి పెడితే పక్కవాడి దవడ పట్టుకున్నట్టు? మనిషి మొత్తం అలా ఉన్నాను. వచ్చినవాళ్ళు భుజం పట్టుకుని ఏడుస్తుంటే, పాపం ఈ భుజం ఎవరిదో అనుకునేవాణ్ణి.

కాబట్టి ముడుచుకునే చాకు కావాలని తేలింది. మా ఇంట్లో ఒకటి ఉంది. కిటికీలో, నాన్న కళ్ళజోడు పక్కన. అందరికీ తెలుసు. ఎవరూ దాని మాటెత్తలేదు.

అది నాన్న తన చేత్తో చేసుకున్న చాకు. ఫ్యాక్టరీలో తను పనిచేసే మెషిన్ షాపు తుక్కులో పడేసిన రంపం బ్లేడు ముక్కని అరగదీసి, టేకు పిడి బిగించి, మేకు కొట్టాడు. గేటు దాటించడానికి బ్లేడుకి ఒక రోజు, పిడికి ఒక రోజు, మేకుకి ఒక రోజు, మొత్తం మూడు టిఫిన్ డబ్బాల ప్రయాణం. నాన్న ఆ కథ చెప్పినప్పుడల్లా గేటు దగ్గర కాపలావాళ్ళు పెరిగేవారు. ఆఖరిసారి చెప్పినప్పుడు నలభై మంది, రెండు కుక్కలు. కోతలు కొయ్యడం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం టీ అయ్యాక అమ్మ, "ఏదీ, సాకు తియ్యి," అనేది. టక్కుమని తెరుచుకునేది. జామపండు నాలుగు ముక్కలయ్యేది, ఉప్పూకారం పడేది. నలభయ్యేళ్ళు పదునుపెట్టి పెట్టి ఆ బ్లేడు సగానికి సన్నబడింది, నాన్నలాగే.

దాన్ని ఏటికి ఇవ్వడం నావల్ల కాదు. అందుకే నేను వెతుకుతున్నది మంచి చాకు కాదు. పోగొట్టుకున్నా ఫరవాలేని చాకు.

మా అక్క మొగుడు, మా బావ, జుగ్సలాయి హార్డువేరు దుకాణాలన్నీ గాలించి ఒకటి తెచ్చాడు. ఎర్రటి ప్లాస్టిక్ పిడి, చంటిబిడ్డంత బరువు.

"ఒరే బామ్మర్దీ, సూడు. పదకొండు పన్లు సేత్తాది."

"నాకు ఒక్క పనే బావా. మొలలో ఉండడం."

అత్త దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది ఇనుము కాదు. గరిటిలాగ మెరిసిపోతంది."

బావ ముప్పయ్యేళ్ళుగా లేబొరేటరీలో ఉక్కు పరీక్షించే మనిషి. జేబులోంచి అయస్కాంతం తీశాడు. పరామర్శకి వస్తూ అయస్కాంతం తెచ్చుకునేవాడు ఈ ఊళ్ళో తప్ప ఎక్కడా ఉండడు. చాకుకి ఆనించాడు, అంటుకుంది. గరిటెకి ఆనించాడు, జారిపోయింది.

"సూసేవా అత్తా? గరిటి వేరు, ఇది వేరు. ఇందులో ఇనుము నేకపోతే ఏల అంటుకుంటాది?" అని క్రోమియం, నికెల్ అంటూ మొదలుపెట్టి, కొలిమి నుంచి మార్కెట్టు దాకా మొత్తం చెప్పాడు. అత్త ఓపిగ్గా విని ఒకటే అడిగింది.

"తుప్పడతాదా?"

"పట్టదత్తా. అదే దీని గొప్ప."

"తుప్పట్టనిది ఇనుమేటి?"

ముప్పయ్యేళ్ళ లేబొరేటరీ మూతబడింది. బావ అయస్కాంతాన్ని జేబులో పెట్టుకుని టీ అడిగాడు.

తర్వాత మా అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించింది. నల్లటి బ్లేడు, బొటనవేలితో తోస్తే తెరుచుకుంటుంది. "పాపా, యే రఖ్ లో. లాక్ భీ హై," అంది. ఇది పెట్టుకో నాన్నా, లాక్ కూడా ఉందని దాని హిందీ. తోశాను. ఆ చప్పుడుకి పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

"ఇదేటి, బేంకు దోసుకోడానికెల్తన్నాడా?" అంది అత్త. అదీ పోయింది. కూరగాయల కత్తి మళ్ళీ తొడమీదకి వచ్చింది.

నాలుగోనాడు మధ్యాహ్నం అమ్మ వచ్చి నా చాప పక్కన కూర్చుంది. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ నాలుగు మాటలు మాట్లాడి ఉంటుంది. ఇందులో కోత లేదు. కొంగులోంచి నాన్న చాకు తీసి నేలమీద పెట్టింది.

"ఇది ఎట్టుకో."

"అది కాదే అమ్మా. ఇది మొలలో ఎడితే ఏట్లో ఏసీమంటాది అత్త."

"ఏసీ."

"ఉంచుకుందుమే. నా దగ్గరుంటాది."

"ఆ కిటికీలో అది కనపడినన్నాళ్ళూ, ఇప్పుడొచ్చి జాంపండు కోత్తాడని సూత్తన్నాను. పొద్దున్నుంచి మూడుసార్లు గుమ్మం కేసి సూసేను. రాడని తెలుసు. అయినా సూత్తన్నాను."

నా దగ్గర ప్రతి మాటకీ తయారుగా ఒక జోకు ఉంటుందని కాలనీలో ప్రతీతి. లోపల వెతికాను. మా ఇంట్లో ఇనుము కోసం వెతికినట్టే అయింది.

పెట్టుకున్నాను. ఆరు రోజులు ఎడమవైపు నాన్న చాకు, కుడివైపు ఎవరికీ తెలియకుండా బావ తెచ్చిన పదకొండు పనుల చాకు. నా పథకం చిన్నది. పదోనాడు కుడిచేత్తో కుడివైపుది తీసి విసిరేస్తాను. ఆమడ దూరం నుంచి చూసే అత్తకి ఏ చాకు పడిందో ఎలా తెలుస్తుంది?

పదోనాడు దోముహాని వెళ్ళాం. సువర్ణరేఖలో ఖర్కాయి కలిసే చోటు. పిండాలు వదిలాక పంతులుగారు కానిమ్మన్నారు. మోకాళ్ళ లోతులో నిలబడ్డాను. కుడిచెయ్యి కుడివైపు వెళ్ళింది. ఎర్ర పిడి తగిలింది. అమ్మ ఇంట్లో ఉంది. నేను ఏది వేసినా ఆవిడకి తెలియదు. ఎప్పుడో ఏ బట్టల మధ్యో అది కనపడితే తప్ప. కనపడితే మళ్ళీ గుమ్మం వైపు చూస్తుంది.

చెయ్యి మార్చాను.

నాన్న చాకుని విసిరాను. నడి ఏట్లో పడిందని చెప్పాలని ఉంది కానీ, చాకు పదడుగులు కూడా పోలేదు. ఎడమచెయ్యి కదా. తేట నీళ్ళలో, రాయి పక్కన, పిడి పైకి కనపడుతూ నిలిచింది. వంగితే అందుతుంది. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. కాళ్ళు చల్లగా ఉన్నాయి, అంతే.

"ఎనక్కి సూడకుండా వచ్చీ," అని గట్టుమీంచి అత్త పిలిచింది. వచ్చేశాను.

కర్మ అయ్యాక మళ్ళీ డ్యూటీలో చేరాను. ఎర్ర చాకు మొలలోంచి ప్యాంటు జేబులోకి మారింది. తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు, నేనూ తియ్యలేదు. ఎన్నో చాకులు చూసి ఇది ఎంచుకున్నావే అని పక్కింటాయన మెచ్చుకుంటే, అవునన్నాను. బావ కూడా తన ఎంపికే నెగ్గిందని అనుకుంటున్నాడు.

మొన్న సాయంత్రం టీ అయింది. సాక్చి నుంచి తెచ్చిన జామపండ్లు పళ్ళెంలో ఉన్నాయి. అమ్మ కిటికీ వైపు చూడలేదు. పళ్ళెం వైపే చూస్తూ అంది.

"ఏదీ, సాకు తియ్యి."

తీసి నేలమీద పెట్టాను. ఆవిడ ఒక రెక్క లాగింది, కత్తెర వచ్చింది. ఇంకోటి లాగింది, సీసా మూత తీసేది. మూడోది చెవిలో పెట్టుకునే పుల్ల. దాన్ని కాసేపు చూసి మూసేసింది. నాలుగోసారికి బ్లేడు దొరికింది. జామపండు మీద నొక్కితే పండు నలిగింది.

"మొండిగుంది."

"పదునెడతానే అమ్మా."

"ఎట్టు," అని నలిగిన ముక్కే నా ముందు పెట్టింది.

ఉప్పు వెయ్యడం ఇద్దరం మర్చిపోయాం. తిన్నాను.