రాజావారిది కాని కారు

మొన్న మే నెలలో రావులపాలెం దాటాక రోడ్డు పక్కన కొబ్బరాకుల పాకలో పాత అంబాసిడర్ ఒకటి కనిపించింది. చూసి తీరాలని మా అబ్బాయి పట్టుపడితే ఆగాం. దాని యజమాని, భుజాన తువ్వాలు వేసుకున్న పెద్దాయన, "చూడండి బాబూ, చూత్తే అరిగిపోద్దేంటి" అంటూ వెనక తలుపు తీశాడు. ఎండకి కాగిన రెక్సిన్ వాసన, దాని కింద సీట్లో కూరిన కొబ్బరిపీచు వాసన, ఆ రెండింటి వెనకాల ఎప్పుడో ఒలికిన పెట్రోలు వాసన ఒక్కసారిగా ముఖాన కొట్టాయి. పాత వాసనలకి కళ్ళు చెమర్చే రకాన్ని కాను నేను. ఆ రోజులే వేరండీ అని నిట్టూర్చేవాళ్ళంటే నాకు చిరాకు కూడా. అయినా ఆ తలుపు పట్టుకుని కాసేపు నిలబడిపోయాను. మా ఆయన ఏమైందని అడిగితే, "ఇందులో డెట్టాల్ వాసన ఒక్కటే తక్కువైంది" అన్నాను.

మేముండేది నాగపూర్‌లో. పిల్లలిద్దరూ అక్కడే పుట్టి పెరిగారు, తెలుగు బాగానే మాట్లాడతారు గానీ మధ్యమధ్య హిందీ తాలింపు పడుతుంది. రాజమండ్రిలో రైలు దిగి, అద్దెకారు తీసుకుని, నరసాపురం దాకా నేనే నడుపుతూ బయల్దేరాను. దారిలో విసుగు పుట్టకుండా మా అమ్మాయి ఒక ఆట పెట్టింది. ఇప్పుడు ఎక్కడా తయారు కాని బండిని ముందుగా ఎవరు చూసి అరిస్తే వాళ్ళకి ముందు సీటు. రావులపాలెం రాకముందే వాళ్ళ నాన్నని వెనక సీట్లోకి తోసేశారు. గోదావరి జిల్లాల్లో ఏ బండినీ ఊరికే చచ్చిపోనివ్వరని ఆ ఆటలోనే నాకూ తెలిసొచ్చింది. చక్రాల్లేని పద్మిని కారు డిక్కీలో కోడి పొదుగుతోంది, చర్చి ఆవరణలో జీపు నెత్తిన మైకు పెట్టుకుని నిలబడి ఉంది, రొయ్యల చెరువు గట్టున మెటాడోర్ వ్యాను ఐసు గదిగా మారింది, టీ కొట్టు ముందు బల్ల అనుకున్నది తీరా చూస్తే ఏదో కారు వెనక సీటు. అప్పుడే మావాడు, "అమ్మా, చిన్నప్పుడు మీకు కారుండేదా?" అని అడిగాడు. మాకు లేదు, మా పెద్దమ్మకుండేది అన్నాను. "అయితే పెద్దతాతగారు నడిపేవారా?" అన్నాడు. పెద్దతాత అనే మనిషే లేడు మా ఇంట్లో.

మా నాన్నది బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం. ఏడాదికి ఒకసారి, బళ్ళకి సెలవులివ్వగానే, మట్టికూజాతో సహా సామాను కట్టుకుని, రెండు రైళ్ళు మారి, ఒళ్ళంతా బొగ్గునుసితో నరసాపురంలో దిగేవాళ్ళం. ఆ తర్వాత పట్టాలు లేవు, రైలు కూడా మాలాగే ఇల్లు చేరినట్టు ఆగిపోయేది. స్టేషన్ బయట రిక్షాలూ గుర్రబ్బళ్ళూ పక్కకి తప్పుకున్న చోట ఒక లేతాకుపచ్చ అంబాసిడరూ, దానికి ఆనుకుని తెల్లచీరలో, నల్లగొడుగుతో, గట్టిగా లెక్కేస్తే అప్పటి నాకంటే జానెడు పొడవుండే దయామణి పెద్దమ్మా ఉండేవారు. ఆవిడ మా అమ్మకి అక్క, మిషన్ ఆసుపత్రిలో నర్సు, పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళకి "తీరికేదీ?" అని జవాబు చెప్పేది.

ఆ కారు ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు దొరసానిది. ఆవిడ ముసలిదై తన దేశం వెళ్ళిపోతూ, కాన్పులకి తనతో పల్లెపల్లెకీ తిరిగిన పెద్దమ్మకి ఇచ్చేసింది, ఇచ్చేముందు కాలవగట్టు మీద నడపడం నేర్పింది. ఒకటే చిక్కు, పెద్దమ్మ కాళ్ళు అందేవి కావు. ఆవిడ పడవలు చేసే వడ్రంగిని పిలిపించి, క్లచ్చికీ బ్రేకుకీ పిడికెడేసి టేకు దిమ్మలు బోల్టులతో బిగించమంది, సీటుని ముందుకి జరిపి ఇంక వెనక్కి కదలకుండా బిగింపు వేయించింది, దాని మీద బూరుగుదూది దిండు. స్టీరింగ్ వెనక ఆవిడ కూర్చుంటే ఎదురుగా వచ్చేవాళ్ళకి రెండు కళ్ళూ, ముచ్చటముడీ కనిపించేవి.

వేసవి నెలన్నరా మాకు ఆ కారే ఇల్లు. ఉదయం చర్చిలో పిల్లల బైబిలు బడి, అక్కడ పాటలకి చప్పట్లు కొట్టీ కొట్టీ అరిచేతులు ఎర్రబడితే మధ్యాహ్నం ఇంటికొచ్చి చింతచిగురూ ఎండు రొయ్యల కూరలో ముద్దమీద ముద్ద, ఆపైన తాటిముంజలు బొటనవేలితో పొడుచుకు తాగి లాగూల మీద మరకలు, ఆ మరకలకి అమ్మ చేత రెండు దెబ్బలు. సాయంత్రం పెద్దమ్మ హారను విన్నామంటే దొరికిన చెప్పు దొరికినట్టు వేసుకుని కారెక్కేవాళ్ళం. వెనక సీట్లో ఆవిడ మందుల పెట్టె, మరగబెట్టిన గుడ్డల మూట, కాన్పు చేసిన ఇళ్ళవాళ్ళు కాదనలేకుండా పడేసిన మామిడికాయలు, బతికున్న కోడి. అరుగుల మీద లేసులు అల్లుకునే ఆడవాళ్ళు మా కారు రాగానే కొక్కెం ఆపి తల ఎత్తేవారు. కొందరు నవ్వేవారు. కొందరు "ఏ మగాడూ దొరక్కపోతే బండి నడుపుకోదా మరి" అని మాకు వినపడేలాగే అనేవారు. పెద్దమ్మ వాళ్ళ వీధిలోకి వచ్చేసరికి కావాలనే బండి నెమ్మది చేసేది, సరిగా చూసుకుంటారని.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒకరోజు పొద్దున్నే గోదావరి అవతలి నుంచి కబురొచ్చింది. తొలిచూలు పిల్ల, ముందురోజు నుంచీ నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. అమ్మ వద్దంటున్నా వినకుండా నేను ముందు సీట్లో దూరిపోయాను. నరసాపురం రేవులో కార్లనీ లారీలనీ పంటు మీద ఎక్కించి నది దాటిస్తారు. పంటు అంటే వెడల్పాటి బల్లపరుపు పడవ. ఒడ్డు నుంచి దాని మీదకి రెండు పలకలు వేస్తారు, కారు చక్రాలు సరిగ్గా వాటి మీదుగా వెళ్ళాలి. ఎప్పుడూ పెద్దమ్మే ఎక్కించుకునేది. ఆరోజు పంటు నడిపే సరంగు కొత్తవాడు. చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మగారూ, మీరు దిగిపోండి. బండి మావోడు ఎక్కిత్తాడు."

"ఎందుకయ్యా?"

"ఆడోళ్ళు పలకల మీద ఎక్కిత్తే ఎలాగండి. గోదాట్లో పడితే మా మీదకొత్తాది."

రేవులో జనం మూగారు. తలపాగాలవాళ్ళు ఇద్దరు, పాపం ఆయన చెప్పిందాంట్లో తప్పేముందమ్మా, అని మధ్యవర్తిత్వానికి దిగారు. పెద్దమ్మ వాదించలేదు. తలుపు తీసుకుని కిందకి దిగి, "సరే, ఎక్కించమను" అంది. సరంగు పంపిన మనిషి ఆరడుగుల వాడు. ముందు తల దూర్చాడు, తర్వాత ఒక కాలు పెట్టాడు, రెండోకాలు ఎటు పెట్టినా మోకాలు స్టీరింగుకి తగులుకుంది. సీటు వెనక్కి జరపబోతే అది కదలదు. ఒక దిమ్మ మీద పాదం పెట్టబోయి హారను మీద మోచెయ్యి వేశాడు. పావుగంట చెమటోడ్చి బయటికొచ్చేసరికి రేవంతా పగలబడి నవ్వుతోంది, పడవలోని బెస్త ఆడవాళ్ళు మరీనూ.

సరంగు మాత్రం పట్టు వదల్లేదు. బండి ఇక్కడ పెట్టేసి మీరు దాటండి, అవతల రిక్షా దొరుకుద్ది అన్నాడు. అప్పటిదాకా తగ్గి ఉన్న పెద్దమ్మ గొంతు అప్పుడు లేచింది.

"రిక్షా దొరికి నేను వెళ్ళేసరికి ఆ పిల్ల ఉండదు. ఆ పిల్ల పోతే ఎవరి మీదకొస్తాదో అది కూడా చెప్పు మరి."

సరంగు చెయ్యి దించలేదు గానీ, ఆ చెయ్యి ఇందాకంత గట్టిగా లేదు. పెద్దమ్మ కారెక్కి, దిండు సర్దుకుని, నావైపు తిరిగింది. "దిగుతావా, ఉంటావా?" అని మామూలుగా, అన్నం పెట్టుకుంటావా అన్నట్టు అడిగింది. నేను దిగితే వాళ్ళ మాటే నిజమైపోతుందని ఆ వయసులో కూడా నాకు అర్థమైంది. ఉంటానన్నాను. ఇంజను మూలిగింది, సరంగు పక్కకి తప్పుకున్నాడు, చక్రం కింద పలక వంగిన చప్పుడు, కిటికీలోంచి చూస్తే నేల లేదు, బురదరంగు నీళ్ళే. భయం వేసింది, వెయ్యలేదని ఎందుకు చెప్పాలి. ఆవిడ మాత్రం పలకల వైపు చూడనే లేదు, అవతలి ఒడ్డు వైపు చూస్తూ ఎక్కించేసింది. ఆ మధ్యాహ్నం తల్లీ బతికింది, బిడ్డా బతికింది. తిరుగు ప్రయాణంలో అదే సరంగు తనే వంగి పలకలు సర్ది పెట్టాడు.

పెద్దమ్మ నేను కాలేజీలో ఉండగా పోయింది. కారుని మా మావయ్య పాలకొల్లులో ఎవరికో అమ్మేశాడు. ఎవరికని తర్వాత అడిగితే ఆయనకీ గుర్తులేదు.

ఇదంతా పిల్లలకి చెబుతూ రాజోలు దాటి, చించినాడ వంతెనకి ఇవతల గోదావరి ఒడ్డున ఒక హోటల్ దగ్గర భోజనానికి ఆగాం. తోటలో, బంతిమొక్కల మధ్య, మెరూన్ రంగూ బంగారు గీతలూ వేసిన అంబాసిడర్. ఈసారి ఇద్దరూ ఒకేసారి అరిచారు. బానెట్ మీద ఇత్తడి కిరీటం, పక్కన పెద్ద బోర్డు, 'రాజావారి కారు, ఫోటో దిగండి' అని. నేను నవ్వుకుంటూ డ్రైవరు వైపు తలుపు తీశాను. బయట పాతరంగు గీకేసి కొత్తది వేశారు గానీ, లోపల ఎవరూ ముట్టుకోలేదు. క్లచ్చికీ బ్రేకుకీ రెండు టేకు దిమ్మలు, అరిగి నున్నగా, బోల్టులతో సహా ఉన్నాయి. చేత్తో తడిమి చూశాను. తర్వాత కూర్చున్నాను, నా మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి.

మేనేజరు కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. మర్యాదస్తుడే. "మేడమ్, బయట నుంచే ఫోటోలండి."

"ఇది రాజావారి కారని ఎవరు చెప్పారండి?"

"మా ఓనర్ గారండి."

"రాజావారు పెడల్‌కి దిమ్మలెందుకు బిగించుకున్నారు మరి?"

అతను వంగి చూశాడు, పాపం నిజంగానే ఆలోచించాడు. "రాజావారు పొట్టివారేమోనండి" అన్నాడు.

నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. మా ఆయన "పోనీలెద్దూ, ఇప్పుడెందుకు" అన్నారు. పోనివ్వను అన్నాను. ఈ బోర్డు తీసేదాకా దిగను, మీ ఓనర్ గారికి ఫోన్ చెయ్యండి అన్నాను. చేశాడు, స్పీకర్ పెట్టాడు. ఆయన పెద్దమ్మ సంగతంతా నా నోట విని, "ఆయ్, అలాగేనండి, 'రాజావారి కారు, నర్సుగారు వాడినది' అని రాయిద్దాం" అన్నాడు. వద్దు, ఈ కారులో ఏ రాజూ ఎక్కలేదు, రాజావారిని తీసేయండి అన్నాను. ఆయన విసుక్కున్నాడు. "ఏంటమ్మా మీరు. నర్సు కారంటే ఎవరండి ఫోటో దిగుతారు?"

నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి అటు తలుపు తీసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. తమ్ముడి చేతిలో ఫోన్ పెట్టి "తియ్" అంది. ఈలోగా పక్క బల్ల దగ్గర కుటుంబంతో భోంచేస్తున్న ఒకావిడ ఇదంతా వింటోంది కాబోలు, చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుంటూ నేరుగా కారు దగ్గరికి వచ్చింది.

"నేను దిగుతానండి. భీమవరంలో ప్రసూతి వార్డులో నర్సుని. కొంచెం జరగండి" అంది, మేనేజరు చేతిలోని ఫోన్‌కి వినపడేలాగే.

జరిగాం. అటువైపు నుంచి ఓనరు ఫోన్ పెట్టేశాడు. ఆ బోర్డు ఆ పూటకి గోడకి తిప్పి పెట్టారు, మేము వంతెనెక్కగానే మళ్ళీ ఇటు తిప్పేసి ఉంటారని నాకు తెలుసు. నరసాపురంలో పెద్దమ్మ ఉన్న ఇల్లు లేదు, గుర్రబ్బళ్ళు లేవు, లేతాకుపచ్చ రంగు గీకి చూసినా దొరకదు. పోయినవాటికి నేను ఏడవను. ఉన్నదాని పేరు మారిస్తే మాత్రం ఊరుకోను. ఆ కారు నర్సు దయామణిది. మళ్ళీ వేసవికి వెళ్తాను, అప్పటికీ రాజావారు అందులోనే ఉంటే మళ్ళీ ఎక్కి కూర్చుంటాను.