ముందు డబ్బా, వెనక డబ్బా

నా చిన్నప్పుడు శాలిబండలో మా ఇంటి ముందుగది మా పెదనాన్న పాటల సామానుకే సరిపోయేది. వచ్చిన చుట్టాలు గుమ్మం దగ్గరే సర్దుకుని కూర్చుని, చాయ్ తాగి వెళ్లాల్సిందే. రికార్డు ప్లేయరు, నా ఎత్తు స్పీకర్లు రెండు, వాటి మధ్య ప్రీ యాంప్లిఫయరు, పవర్ యాంప్లిఫయరు. ఆ పేర్లకు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఒకదాన్ని ముందు డబ్బా అనీ, ఇంకోదాన్ని వెనక డబ్బా అనీ అనేవాళ్లం. రికార్డు మీది నుంచి వచ్చే సన్నటి ధ్వనిని ముందు డబ్బా కాస్త పెంచి వెనకదానికి అందిస్తుంది. స్పీకర్లను మోగించే బలమంతా వెనకదానిది. వాల్యూం తిప్పే బటన్ ముందు డబ్బాకు ఉంటే, చప్పుడును బట్టి ఊగే సూది వెనక డబ్బాకు ఉండేది.

పెదనాన్నది రాగి సామాన్ల వ్యాపారం. ముందు దుకాణం, వెనక కార్ఖానా. దావతుల్లో బిర్యానీ వండే పెద్ద పెద్ద దేగులకు సొట్టలు తీసేది అక్కడే. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా సుత్తి దెబ్బలే. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ లొల్లిలోనే బతికిన మనిషి సాయంత్రం స్నానం చేసి, ఉతికిన లాల్చీ తొడుక్కుని, రికార్డు పెట్టి కళ్లు మూసుకునేవాడు. పెద్దమ్మ పక్కన కూర్చుని పూలు కట్టుకునేది. వాళ్లకు పిల్లలు లేరు. రోజు మొత్తంలో ఇద్దరూ ఒకచోట కూర్చునేది ఆ కాసేపే.

నాకు ఊహ తెలిసేసరికే పెదనాన్నకు ఆ పాటల మీద ఫిర్యాదు మొదలైంది. ఆవాజ్ వస్తలేదంటూ బటన్ ఇంకాస్త, ఇంకాస్త తిప్పేవాడు. రెండు డబ్బాలకూ జోడీ కుదరలేదనేవాడు. అలా జరగడం ఉన్నదే. ముందుది ఇచ్చేది తక్కువై, వెనకది అడిగేది ఎక్కువైతే, బటన్ ఎంత తిప్పినా పాట గొణుగుతూనే ఉంటుంది. అందుకని ముందు డబ్బాను మార్చాడు. మార్చినా అదే మాట. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేంత చప్పుడు వస్తున్నా అదే మాట. సంగతేమిటో ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.

ఒక ఆదివారం ఆటోలో వేరే వెనక డబ్బా దిగింది. ఏదో షాదీఖానాలో వాడి తీసేసిందట. దాన్ని గదిలోకి చేర్చేసరికి మా నాన్న నడుం పట్టేసింది. అటు పెదనాన్న వైర్లు కలుపుతుంటే, ఇటు పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

"బిడ్డా, పెదనాయిన అడిగితె మస్తుగుందని చెప్పు. నీకు ఇనవడ్తలేదని మాత్రం అనకు. ఏదో గా డబ్బాల ఫికర్ల పడి దినాలు ఎల్లదీస్తుండు. చెవులే పోయినయని తెలిస్తె మనిషి కుంగిపోతడు."

అంటూనే కొంగుతో కళ్లొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. బెల్లం నోట్లో పెట్టుకోకుండా అలాగే తలూపాను.

రికార్డు తిరిగింది. పెదనాన్న అలవాటు కొద్దీ బటన్‌ను ఎప్పుడూ తిప్పే చోటిదాకా తిప్పాడు. ఇంకేముంది, గోడ మీది దేవుడి పటాలు అదిరాయి. పాడుతున్నది ఆడమనిషో మగమనిషో కూడా తెలియలేదు, రేకు చింపుతున్నట్టుగా ఉంది. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి, నవ్వు మొహం పెట్టి, ఆయనకు తెలిసేలా రెండు చేతులూ ఊపుతూ గట్టిగా చెప్పింది. "ఇప్పుడు కుదిరింది జోడీ. మస్తుంది." పెదనాన్న కూడా నవ్వాడు. "ఔ, ఇప్పుడు సెట్టయింది" అన్నాడు. ఆమె తేలికపడి లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని సూది చూపించాడు. అది ఎర్రగీత దాటి, అవతలి అంచుకు కొట్టుకుంటూ అక్కడే ఉండిపోతోంది.

"సూది గట్ల గుద్దుకుంటె పాట పగులుతున్నట్టు బిడ్డా. పగిలిన పాట మస్తుగెట్లుంటది?"

నేను తల దించుకున్నాను. ఆయన నా తల నిమిరి, తన మామూలు గొంతుతోనే మిగతాది చెప్పాడు. "ముందుది ఇచ్చేది ఎక్వైతె గిట్ల పగుల్తది. తక్వైతె సూది లేవదు. పాత జోడీల ఏ గడ్‌బడ్ లేకుండె. సూది ఎప్పట్లెక్కనే లేచింది, నాకే ఇనవడలె. చెవుల నరం సచ్చిపోయిందన్నడు డాక్టర్ సాబ్. మిషిన్ పెట్టినా ఫాయిదా లేదట."

మరి ఈ డబ్బా ఎందుకని నేను చేత్తో సైగ చేశాను.

"డబ్బా ఖరాబైందంటె మీ పెద్దమ్మకు ధైర్యం. బాగుచేయొచ్చు, మార్చొచ్చు. చెవులు ఖరాబైనయంటె ఏం మారుస్తది? ఏడుస్తది. ఆమెకు చెప్పకు."

ఆ తర్వాత సూదినే చూస్తూ బటన్‌ను వెనక్కి తిప్పాడు. సూది నడిమికి దిగి మెల్లగా ఊగసాగింది. పాట మళ్లీ పాటైంది. అంత చక్కగా ఆ గదిలో పాట విని చాలా కాలమైంది. ఆ కాస్త చప్పుడు ఆయనకు బొత్తిగా వినిపించదని నాకు తెలుసు. పెద్దమ్మ పూల బుట్టతో వచ్చి కూర్చుంది. పెదనాన్న కళ్లు మూసుకుని మోకాలి మీద వేలితో తాళం వేయడం మొదలుపెట్టాడు. పాట ఒక దారి, ఆ వేలు ఒక దారి. పెద్దమ్మ ఆ వేలి వైపు కాసేపు చూసి, తల వంచుకుని పూలు కట్టుకుంది.

ఇద్దరూ పోయేదాకా అలాగే గడిచింది. సాయంత్రమైతే ఆయన సూది చూసి వాల్యూం పెట్టేవాడు, ఆమె మంచిగుందా అని చేత్తో అడిగేది, ఆయన మస్తుందనేవాడు. ఇద్దరి మాటా నా దగ్గరే ఉండిపోయింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే. ఒక్క పూట ఎదురెదురుగా కూర్చుని ఏడ్చేస్తే ఏం పోయేది? ఏడ్చినంత మాత్రాన చచ్చిన నరం బతికేది కాదనుకోండి, కానీ ఆ ఏడుపైనా ఇద్దరిదీ అయ్యేది.

ఇంత తెలిసిన దాన్ని నేనేం చేస్తున్నానో కూడా చెప్పాలి. ఇప్పుడు మేం ఉండేది చాంద్రాయణగుట్ట దగ్గర. రోజంతా ఫ్లైఓవర్ మీద బస్సులు, లారీలు. కొంతకాలంగా ఆ రొద నాకు లేదు. ఒక్కదాన్నే వెళ్లి చూపించుకున్నాను. మిషన్ పెట్టి చూస్తే మాట పెద్దదైంది గానీ, ఏం మాటో తెలియలేదు. ఇంతకంటే చేసేదేమీ లేదన్నారు. మా ఆయనకు మాత్రం ఫోన్ మీద అనుమానం. స్పీకర్ పోయిందంటారు, మార్చేద్దామంటారు. ఔను, ఫోనే పాడైందంటాను. ఆయనకు నిజంగా తెలియదో, తెలిసే అంటున్నారో నేను అడగలేదు.

నిన్న కొత్త ఫోన్ తెచ్చి, ఏదో పాట పెట్టి, నా చెవికి ఆనించారు. ఇప్పుడు మంచిగుందా అని అడిగారు. ఆయన పెదాలు చూసి జవాబు చెప్పాను.

మస్తుందన్నాను.