ఎదురు కొట్టుకి మా ఇంటి గొంతు

ఆ రోజుల్లో మా తిరువూరులో చదువుకుంటూనే నాలుగు డబ్బులు సంపాదించుకోవాలంటే మగపిల్లలకు దారులు చాలానే ఉండేవి. పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగుకి వెళ్లి వడ్డించేవాళ్లు (పొద్దున లెక్చరరుగారి విస్తట్లో పులిహోర వడ్డించి, మధ్యాహ్నం ఆయన క్లాసులోనే హాయిగా కునుకు తీసేవాళ్లు. ఆయనా ఏమీ అనేవారు కాదు. రెండోసారి అడక్కుండానే గారె వేసిన చెయ్యి మరి). కొందరు సెల్‌ఫోన్ల కొట్లో కూర్చునేవాళ్లు, మామిడికాయల కాలంలో కొందరు తోటలకు కాయలు ఏరడానికి వెళ్లేవాళ్లు. ఆడపిల్లలం మాకు మాత్రం ట్యూషన్లు, లేకపోతే జాకెట్ల మీద మగ్గం వర్కు. నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు కాబట్టి ట్యూషన్లు మొదలుపెట్టాను. వారం తిరక్కుండానే ఒక తల్లి వచ్చి, "ఏమీ అనుకోకమ్మా, నువ్వు ఎక్కాలు చెబుతుంటే పిల్లాడు దడుచుకుంటున్నాడు" అని వాణ్ణి తీసుకుపోయింది. పాఠం బాగానే చెప్పేదాన్ని. నా గొంతే అలాంటిది.

మాది స్టీలు సామాన్ల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. నాన్నని భోజనానికి పిలవాలంటే అమ్మ నాతో చెప్పేది, నేను మెట్ల మీద నిలబడి ఒక్క కేక వేసేదాన్ని. నాన్నతోపాటు పక్క మందుల షాపాయన కూడా భోజనానికి లేచేవాడు. నానమ్మ నాకు 'గంట' అని పేరు పెట్టింది. ఆవిడకి అప్పటికే చెవులు సరిగ్గా వినిపించేవి కావు. అమ్మ మాట వినపడదు, టీవీ వినపడదు, నాన్న మాట అసలే వినపడదు (అది చెముడు కాదని అమ్మ అనుమానం). నా మాట మాత్రం శుభ్రంగా వినపడేది.

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో నాకు విజయవాడ వెళ్లి బ్యాంకు పరీక్షలకు కోచింగు తీసుకోవాలని బుద్ధి పుట్టింది. నాన్నని అడిగితే బిందె తుడుస్తూ నవ్వారు. "బ్యాంకులో డబ్బులెయ్యడం మన పని. వెళ్లి ఊళ్లోవాళ్ల డబ్బులు లెక్కపెట్టడం ఏంటమ్మా? మనకేం ఖర్మ?" అన్నారు. ఆయన కోప్పడి ఉంటే ఏడ్చి సాధించేదాన్ని. నవ్వేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. సరే, ఆయన్ని అడగకుండా ఫీజు నేనే కూడబెట్టుకుంటానని పంతం పట్టాను. ట్యూషన్ల ముచ్చట ఎలా ముగిసిందో చెప్పాను కదా.

అలాంటి సమయంలో మా కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. వందన సమర్పణ నాది. సగంలో ఉండగా కరెంటు పోయింది. నాకు ఆ సంగతే తెలియలేదు. ప్రిన్సిపాలుగారికి, ముఖ్య అతిథికి, షామియానా వేసినవారికి అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను. వెనక వరసలోవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. కిందికి దిగుతుంటే మైక్‌సెట్ బాబాయి ఎదురొచ్చాడు. ఆయన మాకు చుట్టమేమీ కాదు. ఊళ్లో పెళ్లికైనా మీటింగుకైనా మైకులు పెట్టేది ఆయనే కాబట్టి అందరికీ బాబాయే. "అమ్మాయ్, జనరేటర్ వేద్దామని పరిగెత్తి వెళ్తే నీ మాట అక్కడికీ వినపడుతోంది. మైకు లేకుండానే ఇట్టా ఉంటే, మైకిస్తే ఎట్టా ఉంటదో! ఆటోల మీద తిప్పే ప్రచారాలకి ఆడగొంతు దొరక్క చస్తున్నా. చెప్తావా? ఊరికే వద్దులే, డబ్బులిస్తా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నా గొంతుకి డబ్బులిస్తానన్న మొదటి మనిషి ఆయనే. 'నోరు మూసుకో' అన్నవాళ్లు మాత్రం బోలెడు.

అమ్మతో చెప్పాను. అమ్మ చాలాసేపు చింతపండు పిసికి, "పరీక్షలు పాడు చేసుకోకు. మీ నాన్నకి నేనైతే చెప్పను, అడిగితే అబద్ధం కూడా ఆడను" అంది. నాన్న ఏనాడూ అడగలేదు, కాబట్టి ఆ ఒప్పందం చక్కగా నడిచింది.

బాబాయి రికార్డింగు గది అంటే గోడలకు బొంతలు వేలాడదీసిన చిన్న గది. అందులో ఫ్యాను తిరగకూడదు. చెమటలు కారుతుండగా కంటి వైద్య శిబిరం, మంచినీళ్ల పైపు మరమ్మతు, పత్తి విత్తనాలు, అన్నీ చెప్పాను. మొదట్లో అరిచేదాన్ని. "అరవకు తల్లీ, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెప్పు. మిగతాది మిషను చూసుకుంటది" అని బాబాయి నేర్పాడు. నాకూ మెత్తగా మాట్లాడటం వచ్చని అప్పుడే తెలిసింది. ఒకసారి వినగడప ఊరి రైతు ఒకాయన తన గేదె తప్పిపోయిందని వచ్చాడు. 'నుదుట తెల్ల మచ్చ, ఎడమ కొమ్ము కొద్దిగా వంకర' అని నేను ఎంత ఆర్తిగా చెప్పానంటే, ఆయన అక్కడే కండువాతో కళ్లొత్తుకున్నాడు. గేదె నెమలి అనే ఊరి దగ్గర దొరికింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆటో తిరిగింది కాబట్టి దొరికిందని లోకులంటారు. గేదె తనంతట తానే విని తిరిగొచ్చిందని నా నమ్మకం.

శ్రావణమాసం పెళ్లిళ్లు దగ్గర పడ్డాయి. ముందు నాన్ననే అడిగాను. "నాన్నా, మన కొట్టుకి కూడా ఆటో ప్రచారం చేయిస్తే బావుంటుందేమో" అని. "మంచి సరుక్కి మైకెందుకమ్మా? మా నాన్నకి మైకుందా?" అన్నారు. (తాతయ్యకి పోటీగా ఎదురు కొట్టు కూడా లేదు. ఆ మాట పైకి అనలేదు.) ఆ మర్నాడే ఎదురు స్టీలు కొట్టాయన బాబాయి దగ్గరికి వెళ్లాడు. బాబాయి నా వంక చూసి, "ఆలోచించుకో అమ్మాయ్, మీ నాన్న బేరాల సంగతి మరి" అన్నాడు. ఆలోచించాను. గేదె కోసం చెప్పిన గొంతు గుండిగల కోసం ఎందుకు చెప్పకూడదు? పని పనే. చెప్పాను. 'పుట్టింటి నుంచి పంపే ప్రతి గిన్నెలో అమ్మ మనసుంటుంది' అనే ముక్క మాత్రం రాసిచ్చిన కాగితంలో లేదు. నోటికొచ్చింది, అనేశాను.

ఆ ముక్క ఊరిని పట్టుకుంది. ఆటో మా కొట్టు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా గంపలగూడెం నుంచి పెళ్లి సామానుకి వచ్చిన ఆడవాళ్లు ఒక్క క్షణం ఆగి, కళ్లు తుడుచుకుని, ఎదురు కొట్లోకి నడిచేవాళ్లు. ఎదురు కొట్టాయన గొప్పకి "విజయవాడ స్టూడియోలో చెప్పించాం" అని చాటుకున్నాడు. నాన్న నమ్మేశారు. ఆ మెత్తటి గొంతునీ, మెట్ల మీది కేకనీ కలిపి చూడటం ఎవరి తరం? ఒకరోజు అన్నం తింటూ, "ఆ పిల్లెవరో గానీ గొంతులో లక్ష్మీదేవి ఉందే. ఆ కన్నవాళ్లు ఏం పెట్టి పెంచారో!" అన్నారు.

"ఏం పెడతారండీ, పప్పూ చారే పెట్టుంటారు" అంది అమ్మ, చారు గరిటె తిప్పుతూ.

కిటికీ దగ్గర కూర్చున్న నానమ్మ ఇటు తిరిగి, "ఎవరో ఏంట్రా? అది మన గంటే కదా!" అంది.

నాకు పొలమారింది. నాన్న పెద్దగా నవ్వి, "నీకు చెవులు పూర్తిగా పోయాయమ్మా" అన్నారు.

"పోతే పోయాయి. ఈ ఇంట్లో నాకు వినపడేది దాని గొంతొక్కటే. నాకు తెలీదా?" అని నానమ్మ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. ఆవిడ మాట ఎవరు లెక్కచేస్తారు!

చివరికి నాన్న పంతం వదిలి బాబాయి దగ్గరికి వెళ్లారు. "ఆ విజయవాడమ్మాయితోనే మాక్కూడా చెప్పించాలి. రేటు ఎంతైనా పర్లేదు" అన్నారట. నాన్న నోట ఆ చివరి మాట విని బాబాయి కుర్చీ పట్టుకున్నాడట. "సరే అన్నగారూ, ఆదివారం వస్తదావిడ. మీరూ రండి" అని చెప్పి, వెంటనే నాకు ఫోను చేశాడు. ఆ రోజు నాన్న వద్దంటే ఈ పనీ పోతుంది, కోచింగూ పోతుంది. కానీ ఇంకా దాక్కుని చెప్పడం నాకిష్టం లేదు.

నేను వెళ్లేసరికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్లో స్వీట్ల పాకెట్టుతో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావే? అమ్మేమన్నా పంపిందా?" అన్నారు. జవాబు చెప్పకుండా బొంతల గదిలోకి వెళ్లి, తలుపు తెరిచే ఉంచి, మైకు ముందు కూర్చున్నాను. 'అమ్మా, అమ్మాయి పెళ్లి కుదిరిందా? తాతల నాటి నుంచి మీ ఇంటి వంటింట్లో ఉన్న కొట్టు, మళ్లీ మిమ్మల్ని పిలుస్తోంది' అని మొదలుపెట్టి ఆపకుండా చివరిదాకా చెప్పాను. బయటికి వచ్చేసరికి నాన్న నిలబడి ఉన్నారు. బాబాయి పైకప్పు చూస్తున్నాడు.

ఎంతైనా వ్యాపారి కదా, నాన్న నోట మొదట వచ్చిన మాట: "మరి ఎదురు కొట్టుకెందుకు చెప్పావ్?"

"ముందు మిమ్మల్నే అడిగాను నాన్నా. మంచి సరుక్కి మైకెందుకన్నారు."

నాన్న స్వీట్ల పాకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "సొంత కొట్టు కదా, రేటు తగ్గించవా?" అన్నారు మెల్లగా.

"తగ్గించను. ఆ డబ్బుతో కోచింగు ఫీజు కట్టుకోవాలి."

"ఫీజు కట్టలేని తండ్రిననుకున్నావా?"

"మీరు కట్టగలరని తెలుసు నాన్నా. నేను కట్టుకోగలనని మీకు తెలియాలి కదా. మీరు సరేనని పంపితే చాలు."

నాన్న బాబాయి వైపు తిరిగి, "బేరానికి లొంగట్లేదు. మా అమ్మ పోలిక" అన్నారు. ఆ తర్వాత స్వీట్ల పాకెట్టు రెండు చేతులతో నా ముందుకు చాచి, "ఆర్టిస్టుగారికని తెచ్చానండి. తీసుకోండి" అన్నారు. నాన్న నన్ను 'అండి' అనడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ పాకెట్టు పట్టుకుని ఇంటికి నడిచి వస్తుంటే నా కాళ్లు నేల మీద లేవు. ఆ తర్వాత నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా అంత గర్వపడలేదు.

ఆ శ్రావణమంతా ఊళ్లో వేడుకే. ఒక ఆటోలో ఎదురు కొట్టువారి తరఫున నేను, ఇంకో ఆటోలో మా కొట్టు తరఫున నేను. సెంటర్లో రెండు ఆటోలూ ఎదురుపడితే నాతో నేనే పోట్లాడుతున్నట్టుండేది. 'రండమ్మా రండి' అని ఇటు నుంచి నేను, 'ఇంకెక్కడికీ వెళ్లకండి' అని అటు నుంచి నేను. నాన్న గల్లాపెట్టె వదిలి గుమ్మంలోకి వచ్చి, దారిన పోయేవాళ్లను ఆపి మరీ, "ఇదీ మా అమ్మాయే, అదీ మా అమ్మాయే. ఎక్కడ కొన్నా మా పిల్ల మాట మీద కొన్నట్టే" అనేవారు. బేరం పోతుందన్న ధ్యాసే ఉండేది కాదు. ఆ ఏడు చివర్లో విజయవాడ బస్సు ఎక్కించడానికి కూడా ఆయనే వచ్చారు.

ఇప్పుడు బ్యాంకులో నా కుర్చీ అద్దాల గదిలో. పనంతా మెత్తగా మాట్లాడటమే. కేక వేసి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. మొన్న తిరువూరు వెళ్లినప్పుడు వీధిలోకి ఉల్లిపాయల ఆటో వచ్చింది. 'రండమ్మా, కర్నూలు ఉల్లిపాయలు, కోస్తే కన్నీళ్లు, తింటే కమ్మదనం' అంటోంది ఒక పిల్ల గొంతు. ఎంత ధీమా! లోకమంతా తన మాట కోసమే సంచులు పట్టుకుని నిలబడి ఉన్నట్టు. రెండోసారి వింటే గాని అది నేనేనని గుర్తుపట్టలేకపోయాను. "ఎవరయ్యా ఈ గొంతు?" అని ఆటో అతన్ని అడిగాను. "ఏమోనండి, మైక్‌సెట్ షాపాయన ఇచ్చాడు. పాతదే గానీ, మారిస్తే జనం రావట్లేదండి" అన్నాడు. ఇంట్లో బుట్టెడు ఉల్లిపాయలున్నాయి. అయినా ఆ పిల్ల అంత నమ్మకంగా పిలుస్తుంటే కాదనలేక, ఇంకో ఐదు కిలోలు తూయించుకున్నాను.