రోజలిన్ మేడం క్యారేజీ

రోజలిన్ మేడం స్టాఫ్ రూములో ఎవరి మొహానో కూర గిన్నె విసిరికొట్టిందని, అందుకే కాలేజీవాళ్ళు ఆమెను పర్మినెంటు చెయ్యలేదని మా గవరపాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. పాల బూత్ దగ్గర కనకమహాలక్ష్మి అయితే ఆ పులుసు మరకలు తనే ఉతికినట్టు చెబుతుంది. ఆవిడ ఆ కాలేజీ గేటు కూడా దాటలేదు. నేను చదివింది ఐదో తరగతే గాని, ఏ సంగతైనా మొదలూ తుదీ తెలిసేదాకా నాకు అన్నం సయించదు. ఇది రెండేళ్ళ కిందట, రెండువేల ఆరులోనే తెలుసుకున్నాను. రోజలిన్ తల్లి అంతోనమ్మ బతికున్నంత కాలం నోరు కట్టుకున్నాను. మొన్న ఆవిడ పోయింది. ఇక చెప్పొచ్చు.

వాళ్ళది నాతవరం పక్క పల్లె. తండ్రి చెరుకు నరికే కూలి, రోజలిన్ చిన్నప్పుడే పోయాడు. ఆ పిల్ల మిషన్ హాస్టల్లో ఉండి బోటనీలో ఎమ్మెస్సీ చేసి, ఇక్కడి ప్రైవేటు కాలేజీలో టెంపరరీ లెక్చరరుగా చేరి, తల్లితో మా పక్క వాటాలో దిగింది. స్టూడెంట్లను రోలుగుంట కొండల దాకా తీసుకెళ్ళి మొక్కలు చూపించేది. ఏ ఆకు చూపించినా రెండు పేర్లు చెప్పేది, ఒకటి మనది, ఒకటి నోరు తిరగనిది.

మా రెండిళ్ళ మధ్య గోడ మీద గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూ ఉండేవి. తెలగపిండి వేసి మునగాకు వండడంలో అంతోనమ్మకు సాటి లేదు. ఆవిడ గొప్పంతా కూతురి క్యారేజీలోనే ఉండేది.

“కొత్తలో రెండ్రోజులు కూర అలాగే తిరిగొచ్చింది వదినా. ఉప్పెక్కువైందేమో అనుకుని తగ్గించేను. అప్పట్నుంచి గిన్నె గీసేసి పంపుతున్నారు! నలుగురైదుగురికి సరిపడా వండుతున్నాను” అనేది.

ఆ రెండువేల ఆరులో కాలేజీలో టెంపరరీవాళ్ళను పర్మినెంటు చేస్తామన్నారు. అప్పటికే రోజలిన్‌కు ఉద్యోగాల వయసు దాటిపోతోంది. ఇది తప్పితే ఇంకో కాలేజీలో మళ్ళీ మొదటి మెట్టే. తల్లీకూతుళ్ళు ఆ ఆశతోనే ఆరేళ్ళు గడిపారు. ముగ్గురి పేర్లు వచ్చాయి. రోజలిన్ పేరు లేదు.

మా వీధిలో ఉండే కామర్సు లెక్చరరు త్రినాధరావును నేను స్కూటరు దగ్గర పట్టుకున్నాను.

“ఓరి త్రినాధా, ఆగు. ఆ పిల్ల పాఠం సరిగ్గా సెప్పదేటి?”

“పాఠానికేటి పిన్నీ, బాగా చెప్తాది. రిజల్టు ఆవిడిదే ఎక్కువ.”

“మరేటి రోగం?”

“కలుపుగోలుతనం లేదు. ఇప్పుడు దానికీ మార్కులున్నాయి. సీనియర్లం ముగ్గురం వేసేం.”

“కలుపుగోలుతనానికి మార్కులా! దేంతో కొల్సేరు నాయనా, సోలతోనా, కుంచంతోనా?”

“వెటకారం ఆపు పిన్నీ. అందరం క్యారేజీలు టేబులు మధ్యలో పెట్టుకుని, ఎవరికి కావల్సింది వాళ్ళు వేసుకుని తింటాం. అదే మా పద్ధతి. ఆవిడ ఒక్కర్తే బోటనీ లేబులో తలుపేసుకుని తింటాది. పొగరనుకోమా?”

“ఒక్కనాడూ మీతో కూకోలేదా?”

కిక్కు కొట్టబోయిన కాలు ఆగింది. “కొత్తలో కూకుంది. గిన్నె మధ్యలో పెట్టింది కూడాను.”

“నువ్వేసుకున్నావా?”

“ఎవరమూ వేసుకోలేదు. అలాగని ఎవరమూ ఏమీ అన్లేదు పిన్నీ! పక్కోళ్ళు ముట్టుకోలేదని నేనూ... నాకైతే ఆ కులం పట్టింపులేవీ లేవు.”

“మర్నాడో?”

“మర్నాడూ పెట్టింది. తర్వాత మరి రాలేదు.”

స్కూటరు వెళ్ళిపోయింది. నలుగురైదుగురి కూర, ఆరేళ్ళపాటు, లేబులో తలుపు వేసుకుని ఆ పిల్ల ఒక్కర్తే తిందన్నమాట.

పక్క వాటాలోకి వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు సామాను కడుతున్నారు. నాతవరంలో ఏదో చిన్న స్కూల్లో ఉద్యోగమట. అంతోనమ్మ క్యారేజీ గిన్నెలు పాత చీరలో చుడుతోంది.

“సూసేవా వదినా, ఇన్నేళ్ళు నా సేతి కూర తిన్నోళ్ళు. పిల్ల కోసం ఒక్కళ్ళయినా ఒక్క మాట అన్లేదు. అంత ఇస్వాసం లేకుండా ఉంటారా మనుషులు?”

నిజం నా నోటిదాకా వచ్చింది. రోజలిన్ నా మొహంలోకి చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. చెయ్యి పట్టుకుని పెరట్లోకి, నూతి దగ్గరికి తీసుకొచ్చేసింది.

“ఏటమ్మా ఇది?” అన్నాను. “మార్కులేసేముందు వాళ్ళ మొహమ్మీదే అడగొచ్చు కదా, మీరు నా కూర ముట్టుకున్నారా అని. ఉద్యోగం నిలబడేది కదా. ఎందుకు సెప్పలేదు?”

నూతి గట్టు మీద పడిన మునగాకు ఒక్కొక్కటే ఏరి చేతిలో పెట్టుకుంది. తర్వాత, లోపలికి వినపడకుండా అంది.

“చెప్తే ఆ మర్నాటి నుంచి తింటారు అత్తా. తప్పదని మింగుతారు. ఆ మింగడం నేను ఎదురుగా కూకుని చూడాలి. ఇంటికొచ్చి అమ్మకి, కూర బాగుందన్నారని చెప్పాలి. ఆరేళ్ళూ చెప్పింది అబద్ధమే గాని, నేను ఆ కూర ఇష్టంగా తిన్నాను.”