ఒక జర్మన్ పంచాయతీకి తప్పొప్పుల పట్టిక

అమెరికాలోని మా ట్రాయ్‌లో తెలుగు సీనియర్ల సంఘం ఒకటుంది. శనివారం పొద్దున గుడి కింద హాల్లో కూడుతుంది. నెలకోసారి నాలుగు పేజీల పత్రిక జిరాక్స్ తీసి పంచుతుంది. 2009 ఆగస్టు పత్రికలో ‘ఒక జర్మన్ గ్రామం: చరిత్ర, పరిపాలన’ అనే వ్యాసం వచ్చింది. రాసింది మా మామగారు. అందులో పదకొండు అబద్ధాలున్నాయి. పదకొండూ నేను చెప్పినవే. ఆయన నన్ను నమ్మి రాసుకున్నారు, అంతే.

ఇది చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ మా మామగారు కోస్తాలో ముప్పై ఏళ్ళకు పైగా పంచాయతీలు తనిఖీ చేసిన మనిషి. తన కాళ్ళతో నడిచి చూడని రోడ్డు పూర్తయిందని సంతకం పెట్టనన్నందుకు మూడుసార్లు బదిలీ అయ్యారు. ‘చూడందే సంతకం పెట్టడు’ అన్న పేరు తప్ప ఆయన ఉద్యోగంలో సంపాదించుకున్నది ఇంకేమీ లేదు. ఆ పేరును అమెరికాలో, ఒక వేసవిలో, సాయంత్రాలు టీ తాగుతూ నేను పాడు చేశాను.

ఆ ఏడాది మే నెలలో మా ఆవిడ పురుడుకని అత్తగారూ మామగారూ వచ్చారు. అత్తగారికి వంటిల్లు దొరికింది. మామగారికి ఏమీ దొరకలేదు. అయిదో రోజుకల్లా మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్సును తనిఖీ చేసేశారు. మంటలార్పే సిలిండర్ల మీద తేదీలు చూశారు. బట్టలుతికే గదిలో ఫిర్యాదుల పుస్తకం లేదని ఆఫీసులో ఉన్న అమ్మాయికి చెప్పి వచ్చారు. ఆ అమ్మాయి నవ్వి చాక్లెట్ ఇచ్చింది. “లంచం ఇవ్వబోయింది బాబూ, తీసుకోలేదు,” అన్నారు నాతో.

ఆరో రోజున ఆయనకు నా అలమరలో ఆ పుస్తకం కనబడింది.

నేను పనిచేసే కార్ల విడిభాగాల కంపెనీకి యజమానులు జర్మన్లు. వాళ్ళ ఫ్యాక్టరీ ఒక చిన్న ఊరి పక్కన ఉంది. అంతకుముందు ఏడాది ట్రైనింగ్‌కని మూడు వారాలు అక్కడికి వెళ్ళాను. వచ్చేటప్పుడు ఆ ఊరివాళ్ళు తమ ఊరి చరిత్ర అచ్చేయించిన లావుపాటి పుస్తకం బహుమతిగా ఇచ్చారు. నేను దాన్ని విప్పి చూడలేదు.

మామగారు విప్పారు. జర్మన్ అక్షరం ముక్క రాకపోయినా సరాసరి నూట నలభయ్యో పేజీకి వెళ్ళి ఆగారు. అక్కడ పేర్లు, ఎదురుగా సంవత్సరాలు ఉన్నాయి.

“ఇది సర్పంచుల జాబితా కదూ?”

“అవుననుకుంటానండి.”

“ఈయనెవరో ఇరవై మూడేళ్ళు చేశాడు. ఎన్నికలు పెట్టలేదా? స్టే ఏమైనా ఉందా? చదివి చెప్పండి బాబూ.”

అల్లుడు మామగారికి ‘నాకు రాదు’ అని చెప్పే ఆచారం మా ఇళ్ళలో లేదు. పైగా ఆయన వచ్చాక మొదటిసారి ముఖంలో వెలుగు చూశాను. ‘సాయంత్రం చూస్తానండి’ అన్నాను.

ఆ సాయంత్రం నిజాయితీగానే మొదలుపెట్టాను. వాక్యాలు టైపు చేసి ఇంటర్నెట్‌లో ఇంగ్లీషులోకి మార్చి, వచ్చింది వచ్చినట్టు చెప్పాను. ఆయన తాను తెచ్చుకున్న పొడుగు నోటు పుస్తకంలో నీలం సిరాతో రాసుకున్నారు. సందేహం ఉన్నచోట ఎర్ర సిరా. మొదటి రోజు చెప్పినవి రెండే. ఒకటి, ఆ ఊరి సర్పంచ్‌కు అది ఉద్యోగం కాదు, గౌరవ పదవి. పగలు తన పని తాను చేసుకుని సాయంత్రాలు ఊరి పని చూస్తాడు. రెండు, పూర్వం ఊరందరికీ కలిపి రొట్టెలు కాల్చే పొయ్యి ఒకటే ఉండేది. వారంలో ఎవరు ముందు కాల్చుకోవాలో చీటీలు తీసేవారు.

ఆయన కలం ఆపి నావైపు జాలిగా చూశారు.

“ఊరికే సర్పంచ్ పని ఎవడు చేస్తాడు బాబూ? చీటీలు తీసి రొట్టెలు కాల్చుకోవడమేమిటి, అది పరిపాలనా, పేకాటా? మిషన్ తప్పు చదివింది. మీరు అలిసిపోయారు, రేపు చూద్దాం.” రెండింటినీ ఎర్ర సిరాతో కొట్టేశారు.

మర్నాడు నిజంగానే అలిసిపోయి వచ్చాను. కార్ల కంపెనీలు దివాలా తీసిన ఆ ఏడాది మా ఊళ్ళో ఎవరి ఉద్యోగానికీ నమ్మకం లేదు. టీ కప్పు పక్కన పుస్తకం విప్పి ఆయన సిద్ధంగా కూర్చున్నారు. తెరిచిన పేజీలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, చుట్టూ బాతులు.

“ఇదేం కార్యక్రమం?”

కింద రాసింది టైపు చేయడానికి ఓపిక లేక అన్నాను: “బాతుల లెక్కండి. ఏటా సర్పంచ్ ఇల్లిల్లూ తిరిగి లెక్కపెడతాడు. బాతును దాచినవాడికి ఆ ఏడాది ఓటుండదు.”

ఆయన కలం మూత తీసి ఆగారు.

“బాతును ఎలా దాస్తాడు? అరుస్తుంది కదా.”

“అందుకేనండి, అక్కడ అవినీతి లేదు.”

“అదీ పద్ధతి!” అని తొడ చరిచారు. నీలం సిరాతో రాసుకున్నారు.

ఆ తరువాత నాకు అలవాటైపోయింది. నిజం చెబితే ఎర్ర సిరా, అబద్ధం చెబితే నీలం సిరా. పంచాయతీ సమావేశాలు నిలబడి జరుపుతారని చెప్పాను. “కుర్చీలేస్తే కునుకొస్తుంది. ఎవడో అనుభవజ్ఞుడు పెట్టిన రూలు,” అన్నారు. తీర్మానాలు సర్పంచ్ సొంత దస్తూరీతో రాయాలనీ, దస్తూరీ బాగాలేక ఇద్దరు రాజీనామా చేశారనీ చెప్పాను. “మా దగ్గరైతే రాష్ట్రమే ఖాళీ అవుతుంది,” అని నవ్వారు. అత్తగారు వంటింట్లోంచి తొంగి చూశారు, ఆ నవ్వు ఎవరిదో అని.

అన్నిటికన్నా నీచమైనది జూలైలో చెప్పాను. మధ్యాహ్నం ఆయన పాత సంగతేదో తలుచుకున్నారు: తనిఖీకి వెళ్తే ఒక సర్పంచ్ మంచం మీంచి లేవకుండా కాళ్ళూపుతూ రిజిస్టర్లు విసిరేశాడట. సాయంత్రం నేను పేజీ తిప్పి చెప్పాను: “ఇక్కడ పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వస్తే చర్చి గంట కొడతారండి. సర్పంచ్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆయన కూర్చోమనేదాకా నిలబడాలి.”

ఆయన కలం అందుకున్నారు. చాలా నెమ్మదిగా, గుండ్రని అక్షరాలతో రాసుకున్నారు.

ఆ వారమే సీనియర్ల సంఘంలో ఆయన్ని ప్రసంగించమన్నారు. మా ఆవిడకు అప్పటికే సంగతి తెలుసు. నిండు నెలలతో సోఫాలో కూర్చుని వేలు చూపించింది.

“చెప్పెయ్. ఇవాళే చెప్పెయ్. రేపు నలుగురిలో నాన్న నవ్వులపాలయ్యారో, నీ కూతురికి నువ్వే పాలు కలుపుకో, నువ్వే డైపర్లు మార్చుకో.”

“రేపు పొద్దున కార్‌లో చెప్తాను.”

“కార్‌లో నువ్వు రేడియో పెడతావ్.”

పెట్టాను.

హాల్లో నలభై మంది ఉన్నారు. మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అట్ట మీద ఆ ఊరి పరిపాలనా చిత్రం గీసి తెచ్చారు. పైన సర్పంచ్, కింద వార్డులు, ఒక మూల బాతు. ముప్పావు గంట మాట్లాడారు. ఎవరూ కునుకు తీయలేదు. చివర రిటైర్డ్ హెడ్‌మాస్టరు ఒకాయన లేచారు.

“నాదో డౌటండీ. అసలు బాతే లేని పేదవాడికి ఓటుంటుందా?”

మామగారు పుస్తకం తిరగేశారు. జవాబు లేదు. తలెత్తి జనంలో నాకోసం చూశారు. నేను లేచి నిలబడి అన్నాను: “ఉంటుందండి. కానీ పక్కింటి బాతును అరువు తెచ్చి చూపిస్తే చెల్లదు.”

చప్పట్లు కొట్టారు. అది పదకొండోది. దానికి నన్నెవరూ తొందరపెట్టలేదు, అలసటా లేదు. సభ బాగా జరుగుతోంది కదా అని ఆ అబద్ధం చెప్పాను.

వ్యాసం అచ్చయింది. మాకు కూతురు పుట్టింది. ఇరవై ఒకటో రోజున బారసాలకు మా జర్మన్ మేనేజరును పిలిచాను. ఆయనది సరిగ్గా ఆ ఊరికి పక్క ఊరన్న సంగతి నాకు తెలుసు. ఇంట్లో అంత మందిలో మామగారి కంటపడడనుకున్నాను. పులిహోర ప్లేటు చేతికి వచ్చేలోపే మామగారు పొడుగు పుస్తకంతో ఆయన ఎదురుగా కూర్చున్నారు.

“సర్, స్మాల్ వెరిఫికేషన్. ఈ ఊళ్ళో సర్పంచ్ బాతులు లెక్కపెడతాడా?”

నా చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడైనా పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. మేనేజరు నమలడం ఆపి సీరియస్‌గా ఆలోచించాడు.

“నేనెప్పుడూ వినలేదు,” అన్నాడు. “కానీ ఆ ఊరివాళ్ళా? చేసినా చేస్తారు.”

“సమావేశాలు నిలబడి?”

“వాళ్ళు దేనికైనా తగినవాళ్ళే. మా తాతయ్య చెప్పేవాడు.” పులిహోర ఇంకొంచెం పెట్టించుకున్నాడు. “మీకు ఆ పొయ్యి సంగతి తెలుసా? మా అమ్మమ్మది ఆ ఊరే. రొట్టెలు కాల్చుకోవడానికి చీటీలు తీసేవారట. అమ్మమ్మకు ఎప్పుడూ ఆఖరి చీటీయే వచ్చేదట.”

మామగారు పుస్తకంలో వెనక్కి, మొదటి పేజీకి వెళ్ళారు. ఎర్ర గీతను చాలాసేపు చూశారు. తరువాత లేచి, బంధువులూ స్నేహితులూ అందరూ చూస్తుండగా నా దగ్గరకు వచ్చారు.

“మీరు మొదటి రోజే నిజం చెప్పారు బాబూ. నేనే నమ్మక కొట్టేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి పొరపాటు చేయలేదు. మన్నించాలి.”

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. “అయ్యో, పరవాలేదండి,” అన్నాను.

అక్టోబరు పత్రికలో సవరణ వేయించారు: అల్లుడు సరైన సమాచారం ఇచ్చినా పొయ్యి విషయం తానే పొరపాటున వదిలేశానని. కింద సంతకం. అలా, ఆ వ్యాసంలో లేకుండా పోయిన నిజానికి ఆయన తప్పు ఒప్పుకున్నారు. ఉన్న పదకొండు అబద్ధాలతో నేను సత్యసంధుణ్ణయ్యాను.

2013లో అత్తగారూ మామగారూ మళ్ళీ వచ్చారు. మొదటి శనివారం హాల్లోకి అడుగుపెట్టగానే పాత హెడ్‌మాస్టరు ఎదురొచ్చారు.

“రండి రండి, బాతుల ఇన్‌స్పెక్టర్ గారూ! మా అబ్బాయి జర్మనీ మారాడు కదా, మొన్న మమ్మల్ని ఆ ఊరు తీసుకెళ్ళాడు. బాతు కాదు కదండీ, ఈక కూడా లేదు!”

చుట్టూ నవ్వులు. ఇంకొకాయన ‘క్వాక్’ అన్నాడు. డెబ్భై దాటిన మనిషి.

మామగారు తొణకలేదు. “మీరు టూరిస్టులు. రోడ్డు చూసి వచ్చారు. మా అల్లుడుగారు రికార్డు చదివారు,” అన్నారు. అందరూ నావైపు తిరిగారు. నేను కాఫీ యంత్రం వైపు తిరిగాను.

తిరిగి వస్తుంటే బిగ్ బీవర్ రోడ్డు మీద ఎర్ర లైటు దగ్గర చెప్పేశాను. రేడియో పెట్టలేదు. లైటు పచ్చగా మారింది, నేను కదల్లేదు. వెనక హారన్లు.

“ముందు కారు తీయండి,” అన్నారు.

ఇంటికొచ్చాక భోజనాల బల్ల మీద పొడుగు పుస్తకం పెట్టారు. దాన్ని ఆయన మళ్ళీ తెచ్చుకున్నారని నాకు తెలియదు. స్కేలు, ఎర్ర కలం తీశారు.

“ఎన్ని?”

“పదకొండండి.”

“వరసగా చెప్పండి.”

చెప్పాను. ఒక్కొక్కటీ స్కేలు పెట్టి కొట్టేశారు. చర్చి గంట, టోపీ దగ్గరకు వచ్చేసరికి స్కేలు ఆగింది.

“ఇది కూడానా?”

“అవునండి.”

“ఇదెందుకు చెప్పారు?”

“మీకు నచ్చుతుందని.”

“నచ్చింది,” అన్నారు. గీత గీశారు.

తరువాత ఒక తెల్ల కాగితం తీసుకుని సవరణ రాశారు. 2009 నాటి వ్యాసంలోని పదకొండు అంశాలు అవాస్తవాలనీ, విచారణ లేకుండా సమర్పించినందుకు బాధ్యత తనదేననీ. నేను అడ్డం పడ్డాను. నా పేరు రాయమన్నాను. నా అబద్ధాలు నావి కదా అన్నాను. ఆయన కోప్పడలేదు, అదే ఇప్పటికీ నన్ను తినేస్తుంది. కొత్త ఉద్యోగికి నేర్పినట్టు చెప్పారు:

“సంతకం చేసినవాడిదే బాధ్యత బాబూ. గుమస్తా తప్పు రాస్తే గుమస్తా పేరు పై కాగితంలోకి రాదు. చూడకుండా పెట్టింది నేను.”

ఆ సవరణను టైపు చేసి పంపే పని నాకే అప్పగించారు. కంప్యూటరు ముందు ఒక్కణ్ణే కూర్చున్నాను. ఒక్క వాక్యం చేర్చి ఉండొచ్చు. అక్షర దోషం ఒకటి దిద్ది, ఉన్నది ఉన్నట్టు పంపాను. ఆయన ఆజ్ఞ పాటించానని సర్దిచెప్పుకున్నాను. హాల్లో నా మర్యాద నిలబడిందన్న ఊరట కూడా ఉంది, దాన్నీ ఇక్కడ రాయాలి. ఆ తరువాత మామగారు శనివారాలు రానన్నారు. మోకాళ్ళ నొప్పులన్నారు. రోజూ పొద్దున రెండు మైళ్ళు నడిచేవారు.

కాబట్టి సంఘం సభ్యులకు మనవి. చూడకుండా రాసింది ఆయన కాదు. చూపించాల్సినవాడు, చూడకుండానే చూశానన్నాడు. ఈ కాగితం ఆయనకు చదివి వినిపించి పంపడమే న్యాయం. కానీ వింటే ఈ పేరా కొట్టేయమంటారు, మామగారు చెప్పాక నేను కాదనలేను. అందుకని ఇది కూడా ఆయనకు తెలియకుండానే పంపుతున్నాను.