ఎవరూ చెయ్యెత్తని ప్రయాణం

హెలికాప్టర్ మమ్మల్ని దించింది జూలైలో, ఉదయం పది నలభైకి. దించింది అనడం మర్యాదకి. చక్రాలు బురదకి తగలకుండా పైలట్ అడుగు ఎత్తున ఆపాడు, మేం దూకాం. నేను మోకాలి దాకా దిగబడ్డాను. మాది దివిసీమ, నాగాయలంక దగ్గర. ఆ నల్లబురద చూసి పరాయి దేశంలో చుట్టం కనబడినంత సంతోషపడ్డాను.

దేశం ఆఫ్రికాలోది. పేరు చెబితే మీరు ఫోనులో మ్యాపు తీస్తారు. తీసినా మా క్యాంపు దొరకదు. రెండు వందల మీటర్ల పొడవు, నూట యాభై వెడల్పు. చుట్టూ మట్టికట్ట, రెండు కాపలా మంచెలు, ఒకటే గేటు. ఉత్తరాన నది. మిగతా మూడు వైపులా మనిషెత్తు గడ్డి. ఆ గడ్డిలో రెండు పక్షాలవాళ్ళు ఒకరినొకరు కాల్చుకునేవాళ్ళు. మధ్యలో మేము, నూట ఇరవై మందిమి, ఐక్యరాజ్యసమితి తరపున శాంతి. ఒంటి మీద పధ్నాలుగు కిలోల జాకెట్టు, నీలం టోపీ. సర్వీసులో చేరినప్పటి నుంచీ నాకు టోపీలు పెడుతూనే ఉన్నారు. నీలం రంగుది పెట్టడం అదే మొదలు.

నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. అంటే డాక్టరు వచ్చేదాకా డాక్టర్ని, వచ్చాక బకెట్ మోసేవాణ్ణి. మా నూట ఇరవై మంది కంపెనీలో ఇంకో తెలుగువాడు రేడియో ఆపరేటర్, గుడివాడ మనిషి. చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజే "బావా" అన్నాడు, అంతే.

మా సొంత డాక్టరు హెలికాప్టర్‌లో యాభై నిమిషాల దూరంలో ఉండేవాడు. క్యాంపులో ఉన్నది ఐరోపాలోని ఒక దేశం పంపిన ముగ్గురి వైద్యబృందం. దానికి పెద్ద ఒక డాక్టరమ్మ. ఆగస్టులో ఒక శుక్రవారం, టిఫిన్ వేళ, ఆమె మా మేజర్‌గారి దగ్గరికొచ్చి చెప్పింది.

"ఇవాళ్టి నుంచి నేను గేటు దాటకూడదు. మా పార్లమెంటు మమ్మల్ని ఏడాదికే పంపింది. గడువు అయిపోయింది. కొత్త ఓటు వాయిదా పడింది. అది పడేదాకా లోపలికి తెచ్చినవాళ్ళకే వైద్యం."

మెస్సు టెంటులో ఈ సంగతి చెబితే బావకి నవ్వుతో పొలమారింది.

"ఒక్క డాక్టరమ్మ గేటు దాటడానికి అంతమంది చేతులెత్తాలా బావా?"

"ఎత్తాలంట."

"మరి మన నూట ఇరవై మందికి ఎవరెత్తారు?"

"మనకి ఆర్డరొచ్చింది కదా."

"అయితే మన విషయంలో చేతులెత్తేశారన్నమాట."

నేనూ నవ్వాను. మన దగ్గర సైన్యాన్ని బయటి దేశానికి పంపేముందు పార్లమెంటు ఓటు వెయ్యాలన్న నియమం లేదు. ప్రభుత్వం నిర్ణయిస్తుంది, కాగితం కదులుతుంది, మనిషి కదులుతాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నాకు ఆ సందేహమే రాలేదు. పిలిచిందెవరో తెలియకుండా పెళ్ళికెళ్ళి, వడ్డన దగ్గర నిలబడ్డ బాపతు నేను.

ఆదివారం. మధ్యాహ్నం రెండు పది. వాన ఆగి గంటయింది. గస్తీ నుంచి తిరిగొస్తున్నాం. ఒకటే సాయుధ వాహనం, ఎనిమిది మందిమి. గేటు ఎదురుగా కనబడుతోంది, ఆరు వందల మీటర్లు. దారి మధ్యలో పెద్ద గుంత, నిండా నీళ్ళు. డ్రైవర్ జాగ్రత్త గల మనిషి, ఆపాడు. ఎటు తియ్యమంటారన్నాడు. నేను తల బయటపెట్టి చూశాను. కుడిపక్క నేల నున్నగా మెరుస్తోంది.

"మాది దివిసీమ. బురద సంగతి నన్నడుగు. కుడికి తియ్యి."

మా ఊళ్ళో అలా మెరిసే రేగడి కింద గట్టి నేల ఉంటుంది. అక్కడ ఉండదు. కుడి చక్రాలు దిగాయి. పదమూడు టన్నుల బండి, గేదె పడుకున్నంత నెమ్మదిగా, పక్కకి ఒరిగింది. పై మూత తీసి నిలబడ్డ బావ బయటికి పడ్డాడు. ఎడమకాలు మోకాలి కింద బండి అంచుకీ నేలకీ మధ్య ఇరుక్కుంది.

ఎవరూ కాల్చలేదు. శత్రువు ఎక్కడా లేడు. ఉన్నది నా సలహా ఒక్కటే.

రక్తం ఆగేలా మోకాలి పైన కట్టు బిగించి, బిగించిన టైము అతని నుదుటి మీద పెన్నుతో రాశాను: 2.17. రేడియో బావ ఛాతీ మీదే ఉంది. గేటుకి కబురు అతనే చేశాడు, ఎవరో మూడోమనిషి గురించి చెబుతున్నట్టు.

"గాయపడింది ఒకరు. ఎడమకాలు బండి కింద ఉంది. కదిలించడం కుదరదు. ఓవర్."

గేటు దగ్గర డాక్టరమ్మ కనబడింది. భుజాన మందుల సంచీ ఉంది. గేటు అడ్డుకర్ర దాకా వచ్చి ఆగిపోయింది. తన దేశానికి రెండుసార్లు ఫోన్ చేసి అనుమతి అడిగిందని తరవాత తెలిసింది. రెండుసార్లూ కుదరదన్నారు.

మా డాక్టరున్న చోట వాన, హెలికాప్టర్ లేవదన్నారు. బండిని లేపే వాహనం పక్క క్యాంపు నుంచి రావాలి. రెండున్నర గంటలు. అప్పటిదాకా డాక్టరమ్మ గేటు నుంచే రేడియోలో చెబుతుంటే బావ విని నాకు చెప్పేవాడు. హెడ్‌ఫోన్ ఇటు ఇవ్వమంటే ఇవ్వనన్నాడు. డ్యూటీలో ఉన్నానన్నాడు.

"సెలైన్ పెట్టమంటోంది బావా. రెండు చేతులకీ."

"పెట్టా."

"నొప్పి పదికి ఎంతని అడుగుతోంది."

"నన్నడుగుతావేంటి? నువ్వే చెప్పు."

"ఎనిమిదన్నాను. మిగతా రెండూ నువ్వు మళ్ళీ దారి చెప్పినప్పటికి దాచా."

నాలుగింటికి అతని మాట పలచబడింది. కళ్ళు మూస్తూ తెరుస్తూ అన్నాడు:

"ఆమె ఏడుస్తున్నట్టుంది బావా. ఓవర్ అనడం మర్చిపోతోంది."

నాలుగు యాభైకి బండి లేచింది. ఆరుగురం స్ట్రెచర్ మోశాం. గేటు దాటిన క్షణం నుంచి ఆమె చేతులు ఆగలేదు. ప్రాణం దక్కింది. మోకాలి కింద కాలు దక్కలేదు. మీరు వచ్చి ఉంటే దక్కేదా అని అడిగాను.

"తెలియదు," అంది. "అది నాకు ఎప్పటికీ తెలియదు."

కుడికి తియ్యమన్నది నేనేనని మేజర్‌గారికి చెప్పాను. నివేదికలో రాశారు: నా పేరు, ర్యాంకు, సమయం. మేం అక్కడున్న కాలం మొత్తంలో ఫలానా పని ఫలానావాడి మాట మీద జరిగిందని నేను చూసిన కాగితం అదొక్కటే.

మంగళవారం సాయంత్రం వాళ్ళ ఓటు పడింది. డాక్టరమ్మ ల్యాప్‌టాప్‌లో చూపించింది. సరే అన్నవాళ్ళు, వద్దన్నవాళ్ళు, పేరు పేరునా జాబితా. ఒక సభ్యురాలు మా క్యాంపు పేరు పలికింది, తప్పుగా. తప్పుగానైనా పలికింది. నాకు అసూయ వేసింది. ఓటున్న దేశం డాక్టర్ని గేటు లోపల ఆపింది. ఓటు లేని దేశం మమ్మల్ని గేటు బయటికి పంపింది. ఏది మేలో తేల్చుకునే తెలివి నాకు లేదు. అయినా అసూయే.

మార్చిలో తిరిగొచ్చాం. నేనిప్పుడు అవనిగడ్డలో ఒక నర్సింగ్ హోంలో కట్లు కడుతున్నాను. బావకి గుడివాడలో ఫోన్లు బాగుచేసే కొట్టుంది. కాలు ఏమైందని ఎవరైనా అడిగితే, "అది ఇంకా డ్యూటీలోనే ఉందండీ, నేనొక్కణ్ణే రిటైరయ్యా" అంటాడు.

పోయిన నెల మచిలీపట్నంలో మాజీ సైనికుల సమావేశానికి ఇద్దరం వెళ్ళాం. ముఖ్య అతిథి ఎక్కడో దూరం నుంచి వచ్చిన పెద్దాయన, మమ్మల్ని పంపిన నాటికి పార్లమెంటు సభ్యుడు. శాలువాలు అయ్యాక ఏమైనా అడగమన్నారు. లేచాను. బావ చొక్కా లాగాడు.

"కూర్చో బావా. నువ్వు నోరు తెరిస్తే నాకు రెండో కాలు వణుకుతుంది."

"అయ్యా, మమ్మల్ని పంపేముందు సభలో మిమ్మల్ని అడిగారా అండీ?"

పెద్దాయన అబద్ధం చెప్పలేదు. "అడగలేదు బాబూ. మీరు వెళ్ళాక పేపర్లో చదివాను. అడిగుంటే మాత్రం అందరం చెయ్యెత్తేవాళ్ళమే."

"ఎత్తుతారనే అనుకుంటున్నానండీ. కాకపోతే ఎవరెత్తారో మాకు తెలిసేది."

ఆయన మైకు పక్కాయనకి ఇచ్చేశారు. భోజనాలకి లేచాం.

నన్ను వదలనిది బండి ఒరగడం కాదు. ఓటు పడిన మర్నాడు, ఉదయం ఏడున్నర. సన్నటి వాన. డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుని గేటు దాటింది. బయట ఎవరికీ గాయం లేదు, ఎవరూ పిలవలేదు. ఆరు వందల మీటర్లు దిగబడుతూ, కాలు పీక్కుంటూ నడిచింది. బావ పడిన చోట మోకాళ్ళ మీద కూర్చుంది. సంచీ తెరిచింది. ఆమె ముందు వాననీళ్ళు నిండిన గుంత ఉంది, అంతే.